తరగతి గదిలో మల్టీ సెన్సర్: పెట్టె తెరిచినప్పటి నుంచి నమ్మదగ్గ గ్రాఫ్ వచ్చేదాకా

అరచేతిలో పట్టేంత పరికరం. ఉష్ణోగ్రత, తేమ, గాలి పీడనం, వెలుతురు, శబ్దం, కదలిక, అయస్కాంత క్షేత్రం, ఇవన్నీ కొలిచే సెన్సర్లు దాని లోపలే ఉంటాయి. బ్లూటూత్‌తో ట్యాబ్‌కో ఫోన్‌కో కలిపితే తెరమీద గ్రాఫ్ దానంతట అదే గీసుకుంటూ పోతుంది. "ఆన్ అయింది, అంకెలు కూడా వస్తున్నాయి, ఇక ఇప్పుడేం చేయాలి?" అని సైన్స్ టీచర్లు మళ్లీ మళ్లీ అడుగుతున్నారు. అందుకే చేయాల్సిన పనులన్నీ వరుస క్రమంలో ఇక్కడ రాస్తున్నాను.

ఒక్క మాట ముందే చెప్పాలి. సెన్సర్ ఎప్పుడూ ఏదో ఒక అంకె చూపిస్తూనే ఉంటుంది. తప్పు చోట పెట్టినా, సరిచూడకుండా వాడినా అంతే ధీమాగా నాలుగు దశాంశ స్థానాలతో చూపిస్తుంది. ఆ అంకెను నమ్మొచ్చో లేదో తేల్చుకునే పని మనది. ఈ గైడ్‌లో ఎక్కువ భాగం దాని గురించే.

1. మీ పరికరంలో ఏముందో ముందు చూసుకోండి

పెట్టెలో వచ్చిన కాగితంలోనో యాప్‌లోనో సెన్సర్ల జాబితా ఉంటుంది. ప్రతి సెన్సర్‌కీ మూడు విషయాలు ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి: ఎంత నుంచి ఎంతవరకు కొలుస్తుంది, ఎంత తేడా ఉండొచ్చు, సెకనుకు గరిష్ఠంగా ఎన్ని రీడింగ్‌లు ఇస్తుంది. ఇక్కడ పెట్టిన అరగంట తర్వాత చాలా తిప్పలు తప్పిస్తుంది.

ముఖ్యంగా ఉష్ణోగ్రత విషయంలో లోపలి సెన్సర్ వేరు, వైరు చివర ఉండే ప్రోబ్ వేరు. లోపలిది పరికరం చుట్టూ ఉన్న గాలిని కొలవడానికే. దాన్ని నీళ్లలో ముంచితే పరికరం పాడవుతుంది. నీళ్లకి, మంచుకి స్టీలు ప్రోబ్ ఉంటేనే దిగండి.

పీడనం విషయంలోనూ ఇలాంటిదే ఒక తేడా ఉంది. వాతావరణ పీడనం కొలిచే చిప్‌లు చాలావరకు 300 నుంచి 1100 హెక్టాపాస్కల్ (పీడనం కొలిచే యూనిట్) వరకే పనిచేస్తాయి. సిరంజిలో గాలిని నొక్కి బాయిల్ నియమం (ఘనపరిమాణం తగ్గితే పీడనం పెరుగుతుంది) చూపిద్దామని ఆ చిప్‌ను వాడితే కొంచెం నొక్కగానే పరిధి దాటిపోతుంది. ఆ ప్రయోగానికి ట్యూబ్ తగిలించే వాయు పీడన సెన్సర్ విడిగా కావాలి.

కార్బన్ డయాక్సైడ్ సెన్సర్ ఉందని రాసి ఉంటే అది ఏ రకమో కనుక్కోండి. పరారుణ కాంతితో నేరుగా కొలిచేది ఒక రకం. గాలిలోని ఇతర ఆవిరులను పసిగట్టి "కార్బన్ డయాక్సైడ్ ఇంత ఉండొచ్చు" అని అంచనా వేసేది ఇంకో రకం. తేల్చుకోవడం తేలిక. వైట్‌బోర్డు మార్కర్ మూత తీసి పరికరం దగ్గర పెట్టండి. రీడింగ్ ఒక్కసారిగా ఎగబాకిందంటే అది అంచనా రకం. దానితో "గదిలో గాలి బాగుందా, మందగించిందా" అన్నంతవరకు చెప్పొచ్చు కానీ, మొక్కల కిరణజన్య సంయోగక్రియ లాంటి ప్రయోగాలకు అది పనికిరాదు.

2. తరగతికి ముందు రోజు

పిల్లల ముందు అప్‌డేట్ మొదలైతే పీరియడ్ సగం దానికే పోతుంది. అందుకే ఈ పనులన్నీ ముందు రోజే పూర్తవ్వాలి.

ముందు పూర్తిగా ఛార్జ్ చేయండి. తర్వాత యాప్‌ను తాజా వెర్షన్‌కి మార్చి, అది అడిగితే పరికరం ఫర్మ్‌వేర్ (పరికరం లోపల నడిచే సాఫ్ట్‌వేర్) కూడా అప్‌డేట్ చేయండి. అప్‌డేట్ జరుగుతుండగా పరికరాన్ని ట్యాబ్‌కి దూరంగా తీసుకెళ్లకూడదు, తెర ఆరిపోనివ్వకూడదు. మధ్యలో తెగితే మళ్లీ మొదటికొస్తుంది.

పరికరాలు ఒకటి కంటే ఎక్కువ ఉంటే ప్రతిదానికీ ఒక నంబరు స్టిక్కర్ అంటించండి. అదే నంబరును యాప్‌లో దాని పేరుగా పెట్టండి. ఈ చిన్న పని చేయకపోతే ఆరు బృందాలూ ఒకేసారి వెతికినప్పుడు ఎవరి తెరమీద ఎవరి రీడింగ్ వస్తోందో ఎవరికీ తెలియదు. స్టిక్కర్ సెన్సర్ రంధ్రాలను, లైట్ సెన్సర్ కిటికీని మూసేయకుండా చూసుకోండి.

చివరగా, రేపు చేయబోయే ప్రయోగాన్ని మీరొక్కరే మొదటి నుంచి చివరిదాకా చేసి, ఆ డేటాను సేవ్ చేసి పెట్టుకోండి. తరగతిలో పరికరం మొరాయిస్తే ఆ గ్రాఫ్‌తోనే పాఠం నడిపించొచ్చు.

ముందు రోజు చెక్‌లిస్ట్:
- పరికరం, ట్యాబ్ రెండూ ఫుల్ ఛార్జ్
- యాప్, ఫర్మ్‌వేర్ అప్‌డేట్ పూర్తి
- నంబర్లు అంటించడం, యాప్‌లో పేర్లు మార్చడం
- ట్యాబ్‌లో ఖాళీ స్టోరేజ్ ఉందా
- నెట్ లేకుండా యాప్ పనిచేస్తోందా (ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి, బ్లూటూత్ ఒక్కటే ఆన్ చేసి చూడండి)
- ప్రయోగం ఒకసారి చేసి సేవ్ చేసిన డేటా

3. కలపడం

అందరూ తడబడేది ఇక్కడే. ట్యాబ్ సెట్టింగ్స్‌లోని బ్లూటూత్ పేజీకి వెళ్లి అక్కడ "పెయిర్" నొక్కుతారు. ఇలాంటి పరికరాల్లో ఎక్కువ వాటిని అలా కలపకూడదు. సెట్టింగ్స్‌లో బ్లూటూత్ ఆన్ చేసి వదిలేసి, యాప్ తెరిచి, యాప్ లోపలి నుంచే కనెక్ట్ చేయాలి. పొరపాటున సెట్టింగ్స్‌లో పెయిర్ చేసి ఉంటే అక్కడ "ఫర్‌గెట్" నొక్కి తీసేయండి.

1. పరికరం ఆన్ చేయండి. లైటు మెరుస్తూ ఉండాలి.
2. ట్యాబ్‌లో బ్లూటూత్ ఆన్ చేయండి.
3. యాప్ తెరిచి, అడిగిన అనుమతులు ఇవ్వండి. పాత ఆండ్రాయిడ్‌లలో లొకేషన్ అనుమతి ఇవ్వకపోతే, కొన్నిట్లో లొకేషన్ కూడా ఆన్‌లో లేకపోతే, బ్లూటూత్ పరికరాలే కనబడవు. ఆండ్రాయిడ్ 12 నుంచి "సమీప పరికరాలు" అనే అనుమతి విడిగా అడుగుతుంది.
4. జాబితాలో మీ నంబరున్న పరికరాన్ని ఎంచుకోండి.
5. పరికరాన్ని చేత్తో కదిపి చూడండి. మీ తెరమీద గ్రాఫ్ కదిలితే అది మీదే. పక్క బృందం తెర కదిలితే తారుమారైంది.

బృందాలన్నీ ఒకేసారి కలపకండి. ఒక బృందం కలిపాక రెండో బృందం ఆన్ చేయాలి. చూడ్డానికి ఆలస్యం అనిపిస్తుంది కానీ మొత్తం మీద ఇదే త్వరగా పూర్తవుతుంది.

4. నమ్మేముందు సరిచూడండి

విలువ ముందే తెలిసిన దాన్ని కొలిచి, సెన్సర్ ఆ విలువ చూపిస్తోందో లేదో చూడటమే సరిచూడటం. దీనికి ఖరీదైన సామాగ్రి ఏదీ అక్కర్లేదు. ఏడాదికోసారి కాదు, ప్రతి కొత్త పాఠం ముందూ ఆ పాఠానికి కావాల్సిన సెన్సర్ మట్టుకు సరిచూసుకుంటే చాలు.

ఉష్ణోగ్రత. మంచును బాగా నలగ్గొట్టి గ్లాసులో నింపి, దాని సందులు నిండేంత మాత్రమే నీళ్లు పోయండి. నీళ్లు ఎక్కువై మంచు పైకి తేలితే అడుగున 0 డిగ్రీలు ఉండవు. ప్రోబ్‌తోనే నెమ్మదిగా కలుపుతూ రెండు నిమిషాలు ఆగండి. 0 డిగ్రీల సెల్సియస్‌కి అర డిగ్రీ అటూ ఇటూ ఉంటే తరగతికి సరిపోతుంది. మరిగే నీళ్లతో సరిచూడాలంటే మీరున్న ఎత్తు లెక్కలోకి తీసుకోవాలి. సముద్ర మట్టం నుంచి ప్రతి 300 మీటర్లకి మరుగు స్థానం దాదాపు 1 డిగ్రీ తగ్గుతుంది. 600 మీటర్ల ఎత్తులో ప్రోబ్ 98 చూపిస్తే తప్పు ప్రోబ్‌ది కాదు.

పరికరం లోపలి ఉష్ణోగ్రత సెన్సర్‌కి ఇంకో ఇబ్బంది ఉంది. సర్క్యూట్ బోర్డు వేడెక్కుతుంది, ఆ వేడి సెన్సర్‌కి తగులుతుంది. ఛార్జింగ్‌లో ఉన్నప్పుడు ఇంకా ఎక్కువ. గది ఉష్ణోగ్రత కొలిచేటప్పుడు ఛార్జర్ తీసేయండి, పరికరాన్ని చేత్తో పట్టుకోకండి, గాలి ఆడే చోట పది నిమిషాలు వదిలేయండి.

తేమ. ఉప్పులో కొద్దిగా నీళ్లు కలిపి తడి ఇసుకలా చేయండి. ఉప్పు పూర్తిగా కరిగిపోకూడదు. చిన్న మూతలో అది పెట్టి, పరికరంతో పాటు గాలి చొరబడని డబ్బాలో ఉంచి మూసేయండి. ఉప్పు పరికరానికి తగలకూడదు. కొన్ని గంటల తర్వాత డబ్బాలో గాలి సాపేక్ష ఆర్ద్రత 75 శాతం దగ్గర నిలుస్తుంది. మామూలు గది ఉష్ణోగ్రతల్లో ఈ అంకె పెద్దగా మారదు. పిల్లలతో చేయించదగ్గ పని ఇది. రాత్రంతా రికార్డింగ్ పెట్టి వదిలేస్తే రీడింగ్ మెల్లగా ఎక్కుతూ 75 దగ్గర సమతలంగా మారడం గ్రాఫ్‌లో చక్కగా కనిపిస్తుంది.

పీడనం. సముద్ర మట్టం దగ్గర సగటున 1013 హెక్టాపాస్కల్ ఉంటుంది. వాతావరణ యాప్‌లు ప్రతి ఊరి పీడనాన్నీ సముద్ర మట్టానికి సవరించి చూపిస్తాయి. మీ సెన్సర్ మాత్రం మీరున్న చోట ఉన్నదే చూపిస్తుంది. 500 మీటర్ల ఎత్తులో 955 దగ్గర కనిపించడం మామూలే. యాప్‌తో పోల్చి తప్పుందని పరికరాన్ని "సరిచేయకండి".

త్వరణం. పరికరాన్ని బల్లమీద కదలకుండా పెడితే నిలువు అక్షం మీద సుమారు 9.8 మీటర్లు/సెకను వర్గం, లేదా 1 జీ, చూపించాలి. తలకిందులు చేస్తే అదే విలువ గుర్తు మారి రావాలి. ఆరు ముఖాల మీదా అలా పెట్టి చూడండి. "కదలని వస్తువుకి త్వరణం ఎలా ఉంది?" అని పిల్లలు తప్పకుండా అడుగుతారు, అడగాలి కూడా. సెన్సర్ నిజానికి కొలిచేది బల్ల పైకి నెట్టే బలాన్ని. కొన్ని యాప్‌లు గురుత్వాన్ని తీసేసి 0 చూపిస్తాయి. మీ యాప్ ఏది చూపిస్తోందో తెలుసుకోకుండా కదలిక ప్రయోగాలు మొదలుపెట్టకండి.

అయస్కాంత క్షేత్రం. భూమి క్షేత్రం చోటును బట్టి 25 నుంచి 65 మైక్రోటెస్లా మధ్య ఉంటుంది. ఇనుప బల్ల, ట్యాబ్ స్పీకర్, కుర్చీ కాళ్లు, అన్నీ దీన్ని చెడగొడతాయి. చెక్క బల్ల మీద, మిగతా పరికరాలకు అర మీటరు దూరంలో పెట్టి, గాల్లో 8 అంకె ఆకారంలో కొన్నిసార్లు తిప్పండి. తర్వాత ఏ వైపు తిప్పినా మొత్తం క్షేత్రం విలువ దాదాపు ఒకేలా ఉండాలి. బాగా మారుతుంటే మళ్లీ తిప్పండి.

కార్బన్ డయాక్సైడ్. బయట ఆరుబయలు గాలిలో, మనుషులకు దూరంగా, ఇప్పుడు 420 పీపీఎం (గాలిలో పది లక్షల భాగాలకు 420 భాగాలు) పైచిలుకు రావాలి. ఆన్ చేసిన వెంటనే వచ్చే అంకెలను పట్టించుకోకండి, కొన్ని నిమిషాలు ఆగండి. చాలా సెన్సర్లు ఇటీవలి రోజుల్లో చూసిన కనిష్ఠ విలువనే బయటి గాలిగా అనుకుని తమంతట తామే సర్దుకుంటాయి. ఎప్పుడూ మూసిన బీరువాలోనో గదిలోనో ఉంటే ఆ సర్దుబాటే తప్పవుతుంది.

శబ్దం, వెలుతురు గురించి ఇంత పట్టింపు అక్కర్లేదు. తరగతిలో వాటిని ఎక్కువగా పోల్చడానికే వాడతాం. పరికరాలు రెండుంటే పక్కపక్కన పెట్టి ఒకేలా చూపిస్తున్నాయో లేదో చూస్తే చాలు.

పీహెచ్ ప్రోబ్ ఉన్నవాళ్లకు మాత్రం ఒక హెచ్చరిక. పీహెచ్ 4, 7 బఫర్ ద్రావణాలతో (విలువ ముందే తెలిసిన ద్రావణాలు) ప్రతిసారీ క్యాలిబ్రేట్ చేయాలి, అంటే సరిదిద్దుకోవాలి. మధ్యలో డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి టిష్యూతో అద్దాలి, రుద్దకూడదు. డిస్టిల్డ్ వాటర్‌లోనే నానబెట్టి ఉంచితే గాజు బల్బు పాడవుతుంది. దానితో వచ్చిన ద్రావణంలోనే ఉంచాలి.

5. సెకనుకు ఎన్ని రీడింగ్‌లు?

"ఎక్కువ పెడితే మంచిదేగా" అనుకుంటాం. కాదు.

ఉష్ణోగ్రత నెమ్మదిగా మారుతుంది. ప్రోబ్ కూడా మార్పును అందుకోవడానికి కొన్ని సెకన్లు, గాలిలోనైతే ఇంకా ఎక్కువ సమయం తీసుకుంటుంది. 5 సెకన్లకు ఒక రీడింగ్ చొప్పున 40 నిమిషాల పీరియడ్‌లో 480 వస్తాయి. గ్రాఫ్‌కి అవి బోలెడు. అదే 40 నిమిషాలు కదలిక సెన్సర్‌ను సెకనుకు 100 చొప్పున వదిలేస్తే మూడు అక్షాలకీ కలిపి 7,20,000 అంకెలు. ట్యాబ్ నత్తనడక నడుస్తుంది. కదలిక రికార్డింగ్‌ని 10, 20 సెకన్లకే పరిమితం చేయండి.

- ఉష్ణోగ్రత, తేమ, కార్బన్ డయాక్సైడ్: 1 నుంచి 10 సెకన్లకు ఒకటి
- పీడనం, మామూలు వెలుతురు: సెకనుకు 1 నుంచి 5
- శబ్ద స్థాయి: సెకనుకు 10 నుంచి 20
- లోలకం, బండి కదలిక: సెకనుకు 50 నుంచి 100

తక్కువ పెట్టినా ప్రమాదమే. 50 హెర్ట్జ్ కరెంటు మీద నడిచే చాలా దీపాలు సెకనుకు 100 సార్లు మినుకుమంటాయి. కంటికి తెలియదు. లైట్ సెన్సర్‌ను సెకనుకు 10 దగ్గర పెడితే అసలు లేని నెమ్మది అలలు గ్రాఫ్‌లో ప్రత్యక్షమవుతాయి. నిజంగా ఆ మినుకును చూడాలంటే సెకనుకు 200 కంటే బాగా ఎక్కువ రీడింగ్‌లు కావాలి. మీ పరికరం అంత ఇవ్వలేకపోతే వెలుతురు ప్రయోగాలకు బ్యాటరీ టార్చ్ వాడండి.

6. మొదటి ప్రయోగం: లోలకం

మొదటి పాఠంగా లోలకాన్నే ఎంచుకోమంటాను. జవాబు ముందే తెలుసు, పావు నిమిషంలో అయిపోతుంది, పైగా గ్రాఫ్‌లో పిల్లలు తప్పక పడే ఒక ఉచ్చు ఉంది.

కావాల్సినవి: పరికరం, గట్టి దారం, పరికరాన్ని పెట్టడానికి చిన్న జిప్ కవర్, స్టాండు, స్కేలు, కింద పరచడానికి మెత్తటి గుడ్డ.

1. పరికరాన్ని కవర్‌లో పెట్టి, రెండు దారాలతో "వి" ఆకారంలో కట్టండి. ఒక్క దారంతో కడితే పరికరం గిర్రున తిరుగుతుంది.
2. దారం కట్టిన చోటి నుంచి పరికరం మధ్యభాగం వరకు నిలువుగా 25 సెం.మీ. ఉండేలా సరిచేయండి. దారం చివరి వరకు కాదు, పరికరం మధ్య వరకు.
3. రికార్డ్ నొక్కే ముందు ఒక్కో పిల్లవాడూ, పిల్లా తమ అంచనాను కాగితం మీద రాయాలి: ఒకసారి వెళ్లి రావడానికి ఎంతసేపు పడుతుంది?
4. సెకనుకు 50 రీడింగ్‌లు పెట్టి, త్వరణం, భ్రమణ వేగం రెండూ ఆన్ చేయండి.
5. రికార్డ్ నొక్కి, మూడు సెకన్లు కదలకుండా ఉంచండి. తర్వాత 10 డిగ్రీలకు మించకుండా పక్కకు లాగి, తోయకుండా వదిలేయండి.
6. వదిలాక 12 సెకన్లయ్యాక ఆపి సేవ్ చేయండి.

25 సెం.మీ. లోలకానికి డోలనావర్తన కాలం (ఒకసారి వెళ్లి రావడానికి పట్టే సమయం) దాదాపు 1 సెకను, 1 మీటరుకి దాదాపు 2 సెకన్లు. ఇప్పుడు దారం పొడవునా ఉన్న త్వరణం గ్రాఫ్ చూడమనండి. శిఖరానికీ శిఖరానికీ మధ్య అర సెకనే ఉంటుంది! "సార్, సూత్రం తప్పు" అంటారు.

తప్పేమీ లేదు. లోలకం అడుగు బిందువును దాటే ప్రతిసారీ దారంలో బిగువు ఎక్కువవుతుంది. వెళ్లేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఇంకోసారి. కాబట్టి ఒక పూర్తి డోలనానికి రెండు శిఖరాలు. భ్రమణ వేగం గ్రాఫ్ తెరవండి. వెళ్లేటప్పుడు ధనాత్మకం, వచ్చేటప్పుడు రుణాత్మకం. అక్కడ శిఖరం నుంచి శిఖరానికి సరిగ్గా 1 సెకను వస్తుంది. ఈ వివరణను మీరు చెప్పేయకండి. పరికరాన్ని చేత్తో నెమ్మదిగా ఊపుతూ తెర చూడనివ్వండి, ఎవరో ఒకరు పట్టుకుంటారు.

ఒక శిఖరం నుంచి తర్వాతి దానికి కాకుండా, పది డోలనాల మొత్తం సమయం కొలిచి పదితో భాగించాలి. 50 రీడింగ్‌ల దగ్గర ప్రతి కొలతలోనూ 0.02 సెకన్ల అనిశ్చితి ఉంటుంది. పదితో భాగిస్తే అది 0.002కి తగ్గుతుంది.

7. తర్వాత చేయదగ్గవి

మెట్ల మీద పీడనం. 3 మీటర్లు పైకి ఎక్కితే పీడనం 0.36 హెక్టాపాస్కల్ దాకా తగ్గుతుంది. ప్రతి అంతస్తులో అర నిమిషం కదలకుండా నిలబడి సగటు తీసుకోవాలి. అతి ముఖ్యమైన పని చివర్లో ఉంది: మళ్లీ కిందికి వచ్చి, మొదటి విలువే వచ్చిందో లేదో చూడాలి. రాకపోతే ఈలోపు వాతావరణ పీడనమే మారిందన్నమాట. ఆ తేడాను లెక్కలో సవరించడం నేర్పితే ఇదే పెద్ద పాఠం.

ఫ్యాను ముందు ప్రోబ్. పొడి ప్రోబ్‌ను ఫ్యాను ముందు పెట్టే ముందు ఏమవుతుందో రాయమనండి. చాలామంది "తగ్గుతుంది" అని రాస్తారు. రెండు నిమిషాల పాటు గీత చదునుగా సాగుతుంది. గాలిని కదిపినంత మాత్రాన దాని ఉష్ణోగ్రత తగ్గదు. తర్వాత గది ఉష్ణోగ్రతలో ఉన్న నీళ్లతో తడిపిన దూదిని ప్రోబ్‌కి చుట్టి మళ్లీ పెట్టండి. గీత కిందికి దిగుతుంది, ఒక చోట ఆగుతుంది. తేమ తక్కువున్న రోజున ఎక్కువ దిగుతుంది, తేమ ఎక్కువున్న రోజున కొంచెమే. చెమట, బాష్పీభవనం పాఠాలు రెండూ ఇక్కడే అయిపోతాయి.

దూరం, వెలుతురు. చీకటి చేసిన గదిలో చిన్న దీపం నుంచి 20, 40, 80 సెం.మీ. దూరాల్లో కొలవండి. దూరం రెట్టింపైతే వెలుతురు నాలుగో వంతు అవ్వాలి. దీపం ఆర్పేసి వచ్చే రీడింగ్‌ను ప్రతి విలువ నుంచి తీసేస్తేనే లెక్క కుదురుతుంది. ముందు అద్దం ఉన్న టార్చ్ అయితే కుదరదు, కాంతి అన్ని వైపులా పరుచుకునే చిన్న బల్బు కావాలి.

ఒక్కటే పరికరం ఉండి, పిల్లలు ఎక్కువ ఉంటే ఫోన్లను వాడుకోండి. ఫోన్‌లో కదలిక, శబ్దం, ఇంకా చాలావాటిలో అయస్కాంత క్షేత్రం, కొన్నిట్లో పీడనం కొలిచే సెన్సర్లు ఉంటాయి. జర్మనీలోని ఆర్‌డబ్ల్యూటీహెచ్ ఆఖెన్ యూనివర్సిటీ తయారుచేసిన ఫైఫాక్స్ అనే ఉచిత యాప్ వాటి రీడింగ్‌లను గ్రాఫ్‌గా చూపిస్తుంది.

8. బృందంలో ఎవరి పని ఏది

నలుగురికి మించితే ఇద్దరు చూస్తూ కూర్చుంటారు. ఒకరు పరికరాన్ని పట్టుకోవాలి, ఒకరు యాప్ నడపాలి, ఒకరు రాయాలి, ఒకరు "ఇప్పుడేం జరుగుతుంది" అని ముందే చెప్పాలి. ప్రతి రికార్డింగ్‌కీ పనులు మార్చండి. ఎప్పుడూ చురుగ్గా ఉండేవాళ్లే ట్యాబ్ లాక్కోకుండా చూడటం మన బాధ్యత.

అంచనా రాయకుండా రికార్డ్ నొక్కనివ్వకండి. అంచనా లేని పిల్లలకు గ్రాఫ్ ఒక బొమ్మ. అంచనా రాసినవాళ్లకు అది జవాబు.

9. తరచూ వచ్చే ఇబ్బందులు, పరిష్కారాలు

పరికరం జాబితాలో కనబడటం లేదు. వేరే ట్యాబ్ ముందే పట్టుకుని ఉంటుంది. అన్ని ట్యాబ్‌లలోనూ యాప్ పూర్తిగా మూసి, పరికరాన్ని ఆపి మళ్లీ ఆన్ చేయండి. అప్పటికీ రాకపోతే అనుమతులు చూడండి.

మాటిమాటికీ తెగిపోతోంది. ట్యాబ్ బ్యాటరీ ఆదా మోడ్ యాప్‌ను ఆపేస్తుండొచ్చు. దాన్ని తీసేయండి, తెర ఆరిపోయే సమయం పెంచండి. పరికరంలోనే డేటా దాచుకునే సదుపాయం ఉంటే ఎక్కువసేపటి ప్రయోగాలకు అదే మేలు.

గ్రాఫ్ పర్వతాల్లా ఎగిరిపడుతోంది, కానీ ప్రయోగంలో ఏమీ జరగలేదు. ఎడమ పక్కనున్న అంకెలు చూడండి. 28.1 నుంచి 28.3 వరకు మాత్రమే ఉంటుంది. యాప్ తెర నిండేలా గ్రాఫ్‌ను సాగదీసింది. అక్షాన్ని 20 నుంచి 40 అని స్థిరంగా పెట్టండి, గీత చదునవుతుంది. పిల్లల రిపోర్టుల్లో నేను ఎక్కువగా దిద్దే పొరపాటు ఇదే.

రీడింగ్ ఒకే అంకె దగ్గర అతుక్కుపోయింది. సెన్సర్ పరిధి దాటింది. వెలుతురైతే దూరం జరపండి. కార్బన్ డయాక్సైడ్ అయితే నోటితో నేరుగా ఊది ఉంటారు. వదిలే ఊపిరిలో 40,000 పీపీఎం వరకు ఉంటుంది, చాలా సెన్సర్ల పరిధి 5,000 లేదా 10,000 మాత్రమే. పైగా ఊపిరిలోని తడి సెన్సర్ మీద చేరుతుంది. ఊదాలంటే పెద్ద డబ్బాలోకి కొంచెం ఊది, మూతపెట్టి, లోపల పరికరం ఉంచండి.

రెండు బృందాలకు రెండు ఉష్ణోగ్రతలు. రెండు పరికరాలనూ ఒకే చోట పది నిమిషాలు ఉంచి పోల్చండి. అర డిగ్రీ తేడా స్పెసిఫికేషన్ ప్రకారం మామూలే. ఆ తేడాను నోట్‌బుక్‌లో రాసి, లెక్కల్లో కలపండి.

రిపోర్టులో 27.3846 డిగ్రీలు అని రాశారు. సెన్సర్‌కి అర డిగ్రీ తేడా ఉన్నప్పుడు 27.4 చాలు. మిగతా అంకెలకు అర్థం లేదు.

10. డేటా దాచడం

సేవ్ చేసిన వెంటనే పేరు మార్చండి. యాప్ పెట్టే పేరు తేదీ, సమయమే. వారం తర్వాత ఏది ఏదో ఎవరికీ గుర్తుండదు. "లోలకం_25సెంమీ_బృందం3" అన్నట్టు పెడితే వెతుక్కోనక్కర్లేదు.

ఎగుమతి చేసేటప్పుడు సీఎస్‌వీ ఫైల్ (కామాలతో వేరుచేసిన అంకెల పట్టిక) ఎంచుకోండి, ఏ స్ప్రెడ్‌షీట్‌లోనైనా తెరుచుకుంటుంది. అంకెలన్నీ ఒకే గడిలో ఇరుక్కుపోతే ఇంపోర్ట్‌లో విభజన గుర్తుగా కామా ఎంచుకోవాలి. నిలువు వరుసల మీద యూనిట్లు ఉన్నాయో లేవో చూసి, లేకపోతే అప్పటికప్పుడే రాయించండి. త్వరణం "జీ"లలో ఉందా, మీటర్లలో ఉందా అన్నది మర్చిపోతే లెక్క దాదాపు పది రెట్లు తప్పుతుంది.

అసలు ఫైల్‌ను ముట్టుకోకుండా, కాపీ మీదే పనిచేయించండి.

11. ప్రయోగం అయ్యాక

- పరికరం స్విచాఫ్ చేయండి, యాప్‌లో డిస్‌కనెక్ట్ నొక్కండి
- ప్రోబ్‌లను కడిగి, అద్ది, ఆరనివ్వండి
- సెన్సర్ రంధ్రాలను పొడి మెత్తటి బ్రష్‌తో తుడవండి. శానిటైజర్, స్ప్రేలు వాడకండి, వాటి ఆవిరి తేమ, గాలి సెన్సర్లను చెడగొడుతుంది
- స్టిక్కర్ నంబర్ల ప్రకారం అన్నీ తిరిగి వచ్చాయో లెక్కపెట్టండి
- ఈరోజు గమనించిన తేడాలు ఆ పరికరం పేజీలో రాయండి

సెలవులకు ముందు మాత్రం పూర్తి ఛార్జ్‌తోనూ, పూర్తిగా ఖాళీగానూ పెట్టకండి. లిథియం బ్యాటరీని 40 నుంచి 60 శాతం మధ్య ఉంచి, చల్లటి పొడి చోట దాచండి. నెలలు గడిస్తే మధ్యలో ఒకసారి తీసి మళ్లీ అంతవరకు ఛార్జ్ చేయాలి. కేసు ఉబ్బినట్టు, మూత సరిగ్గా కూర్చోనట్టు కనిపిస్తే ఛార్జర్ పెట్టకుండా పక్కన పెట్టేయండి. దాన్ని పిల్లల చేతికి ఇవ్వకూడదు, గుచ్చకూడదు, మామూలు చెత్తలో వేయకూడదు. ఎలక్ట్రానిక్ వ్యర్థాలు తీసుకునే చోట ఇవ్వాలి.